అక్క చీలమండల మధ్య సందు

ఫారెస్ట్ గార్డు భర్తీకి తయారవుతున్న మా అక్క ఈ సాయంత్రం నన్ను వాకిట్లోకి పిలిచింది. నిలబడినప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి తగిలితే కొలతల దగ్గరే వెనక్కి పంపుతారని, మద్దేడ్ రోడ్డు మీద తనతో పరిగెత్తే అమ్మాయిలెవరో భయపెట్టారట. నేను బయాలజీ విద్యార్థిని కాబట్టి తీర్పు నాది.

నిటారుగా నిలబడమన్నాను. మోకాళ్లు తాకాయి, చీలమండలు తాకలేదు. మధ్యలో నా రెండు వేళ్లు పట్టాయి.

"తొడ ఎముక తుంటి నుంచి లోపలికి వాలి మోకాలిల దిగుతదక్కా. ఆడోళ్లకు ఆ వాలు కొంచెం ఎక్కువ. ఇది రోగం కాదు," అన్నాను. ‘వాలు’ అన్న మాట నాకే ఎంతో నచ్చింది.

"వాలు సంగతి నాకెందుకే? నాప్‌ల, ఆ కొలతలల్ల, పాసైతనా, కానా?"

"తెల్వదక్కా."

"మరేం చదువుతున్నవే! దౌడ్‌ల అందరికన్నా ముందు నేనే ఉంట. ఉరికేటప్పుడు చూడరా, నిలబెట్టే చూస్తరా?"

మోకాలు మడవడానికి, బరువు మోయడానికి, నడవడానికి అని మా పుస్తకంలో ఉంది. నిలబడి కనిపించడానికి అని ఎక్కడా లేదు.

ఆ కొలతల వరుసలో నిలబడి వచ్చినవాళ్లు మీలో ఉంటే చెప్పండి, రెండు వేళ్ల సందును పట్టించుకోకుండా వదిలేస్తారా? కాస్త చూసి రాయండి. అక్క నా భుజం మీదుగా కామెంట్లు చదువుతోంది.