జింకల గేటు కాడ

కొత్త యూనిఫారం బట్ట వాసన నాకు ఇప్పటికీ పడదు. మొన్న మనుమరాలి బడి బట్టలకని మెదక్ బజార్ల దుకాణం ఎక్కితే, దుకాణపాయన నీలం తాను గల్లా మీద పరిచిండు. ఆ గంజి వాసన తాకంగనే కొంగు ముక్కుకు అడ్డం వెట్టుకున్న. "బాగలేదా అమ్మా?" అన్నడాయన. బట్టకేమైంది, బంగారమసొంటి బట్ట. బాగలేంది నేను.

మా నాయిన దర్జీ. చర్చి పక్క గల్లీల మాదొక అర్ర. ముందటి సగంల మిషన్, ఎనుక సగంల మేము. చలికాలం వచ్చిందంటే క్రిస్మస్ బట్టల మీద మిషన్ టకటక ఆగకపోతుండె, మెడల టేపు, నోట్ల గుండుసూదులు, చెవి మీద సున్నపు ముక్కతోని నాయిన అన్నం గూడ నిలవడే తింటుండె. అమ్మ పొయ్యి కాడ అరిసెలు ఒత్తుతుంటే ఆ బెల్లం పాకం వాసనా, ఇస్త్రీపెట్టెల బొగ్గు వాసనా కలిసిపోయి, మా ఇంటికి పండుగంటే అదే అన్నట్టు ఉంటుండె. నేనూ అక్క సలోమీ మిషన్ కింద కూసోని, రాలిన ముక్కలు రంగులవారీగ ఏరి మూటలు కట్టుకుంటుంటిమి.

ఆ రంగులు అక్కకు కలిసిపోవుడు మొదలైంది. ఎరుపును నలుపంటుండె. బడిల బోర్డు కనబడక అయిదో తరగతిలనే మానేసింది. దవాఖానల డాక్టరమ్మ దీపం వెట్టి చూసి, "కంటి నరం ఎండిపోతున్నదయ్యా, చూపు ఏడాది దాటుతదో లేదో" అన్నది. అక్క అక్కడ్నే ఉండె, అంత విన్నది. ఏడ్వలే. ఇంటికొచ్చినంక గోడ మీది క్యాలెండర్ల జింకను ముక్కు ఆనించి చూసుకుంట, "నాయినా, కండ్లు పోకముందు ఒక్కపారి నిజం జింకను చూస్తనే" అన్నది. నాయిన మిషన్ ఆపిండు. పండుగ ముంగట నాయిన మిషన్ ఆపంగ నేను చూసుడు అదే మొదలు.

జింకల వనం ఎల్లారెడ్డి తొవ్వల ఉండె. గేటు కాడ మనిషికి చారాణా, అంటే పావలా. బస్సు కిరాయి వేరే. అది మాకు ఎక్కడి మాట, నూకలే చాలక అమ్మ అంబలి కాస్తుండె ఆ దినాలల్ల. అయితే బడి నుంచి చిట్టీ రాయించుకపోతే పిల్లలకు పైస లేదు. పండుగ అయినంక మా టీచరమ్మ నలభై మందిని కిరాయి లారీల తోల్కపోతదని తెలిసి, నాయిన పోయి చేతులు జోడించిండు. "టీచరమ్మా, జర మా పెద్దదాన్ని గూడ ఎక్కించుకోండ్రి. మందిల కలిసిపోతది." ఆమె అటిటు చూసింది. "చిట్టీల పేరు రాయలేను. ఎవలన్న అడిగితే నాకు తెల్వదంట" అన్నది.

బడి గౌన్లన్నీ మా నాయిన కుట్టినయే. మిగిలిన నీలం ముక్కలు జోడిచ్చి జోడిచ్చి, అతుకు కనబడకుండ, మూడు రాత్రులు కూసోని అక్కకు ఒక గౌను కుట్టిండు. గంజి వెట్టి, ఇస్త్రీ చేసి, కత్తి తీరుగ మడతలు వెట్టిండు. "ఎవ్వడు ఆపుతడో చూస్త" అన్నడు. పొద్దుగాల అమ్మ మాత్రం నా చేతిల ఒక చారాణా వెట్టి, "గేటు కాడ అక్కను ఆపితేనే ఇయ్యి. లేకుంటే మల్ల తే, నూకలు తేవాలె" అన్నది. దాన్ని పిడికిట్ల వట్టుకోని లారీ ఎక్కిన.

గేటాయన తలకాయలు లెక్కవెట్టిండు. నలభై ఒకటి. మల్ల లెక్కవెట్టిండు. వరుస పొడుగునా చూసుకుంట పోయి సీదా అక్క ముంగట నిలవడ్డడు. అయ్యో నాయినా! నీ చేతి పనే పట్టిచ్చింది గదనే. ఏడాది పొడుగు ఉతికి ఉతికి మా అందరి గౌన్లు వెలిసిపోయినయి. ఆమెది ఒక్కటే నీలంగ మెరుస్తున్నది!

"ఈ పిల్ల ఎవలు?" అన్నడు. టీచరమ్మ నేల చూసింది. "ఎవలన్న చెప్పుండ్రి, లేకుంటే చారాణా కట్టుండ్రి." నా పిడికిట్ల చారాణా చెమటకు తడిసింది. మా అక్క అంటే నా పేరు గూడ కొట్టేస్తడేమో, పైస తీస్తే మా దొంగతనం బయటపడ్తదేమో, నూకలెట్లనో. ఎనిమిదేండ్ల బుర్రల ఎన్ని తిరిగినయో. నోరు తెరవలే. అక్క నా దిక్కు మొకం తిప్పింది. నేను కనబడ్డనో లేదో తెల్వదు. పోయి గేటు పక్క రాయి మీద కూసున్నది.

లోపట జింకలను చూసిన. ఏం చూసిన, మన్ను. మాపటికి లారీల మసక చీకట్ల అక్క తడుముకుంట నా చెయ్యి వట్టుకోని, "ఎట్లున్నయే?" అన్నది. చుక్కలు, కొమ్ములు, దుంకుడు అన్నీ చెప్పిన. ఇంట్ల అమ్మ "చూసినవా బిడ్డా?" అంటే, "కడుపునిండ చూసిన" అన్నది అక్క. నాయిన సచ్చేదాక, "నేను కుట్టిన గౌనే గేటు దాటిచ్చింది" అని పదిమందికి చెప్పుకున్నడు. చారాణా నూకల డబ్బాలకు పోయింది. వానకాలం రాకముందే అక్క కండ్లు పోయినయి.

మొన్న ఆ బట్టల దుకాణం నుంచి వచ్చిన తెల్లారే ఆటో మాట్లాడి అక్కను జింకల వనానికి తోల్కపోయిన. పాత కట్టె గేటు లేదు, ఆ రాయి లేదు, చారాణా ఎక్కడా చెల్లదు. టికెట్ల కాడి పిల్ల అక్క వికలాంగుల కార్డు చూసి, "వీళ్లకు ఫ్రీ అమ్మా, తోడు వచ్చినోళ్లకు గూడ ఫ్రీ" అన్నది. తీసిన పైసలు మల్ల కొంగుల ముడేసుకున్న.

"అక్కా, ఆనాడు నా చేతిల చారాణా ఉండెనే" అన్న.

"తెల్సు. ఇంటిదాక నీ చెయ్యి వట్టుకున్న గద, పిడికిలి విప్పలే నువ్వు. ఇంట్లకు రాంగనే డబ్బాల ఖణేలుమన్నది."

"మరి ఇన్నేండ్లు ఎందుకు అనలేదే?"

"నువ్వే చెప్తవని చూసిన."

కంచె అవతల జింకలు మేస్తున్నయి, చెయ్యి చాపితే అందేటంత దగ్గర. "ఎన్ని ఉన్నయే?" అన్నది అక్క. కండ్ల నిండ నీళ్లు, ఒక్కదాన్ని గూడ లెక్కవెట్టలేకపోయిన.