కుర్చీలోంచి వచ్చిన గుసగుస

చనిపోయిన మనిషిని ఆయన కుర్చీలోనే మళ్లీ కూర్చోబెట్టి, సంవత్సరీకానికి వచ్చిన బంధువులను పట్టపగలు వరండాలోకి పరిగెత్తించిన ఘనత మా వంశంలో నాకొక్కడికే దక్కింది. ఎలా దక్కిందో చెబుతాను. మీ ఇంట్లో పాత క్యాసెట్లు ఉంటే కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని వినండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. మిగిలిన వేళల్లో స్పీకర్లు తయారుచేసేవాణ్ణి. స్పీకర్లో కదిలి శబ్దం పుట్టించే భాగాన్ని డ్రైవర్ అంటారు. దాని ముందుండే గరాటు లాంటి కోన్ దేనితో చేశారన్నదాన్ని బట్టి పాడేవాడి గొంతే మారిపోతుంది. కాగితపు కోన్ మెత్తగా పలుకుతుంది. అట్టపెట్టె మీద వేలితో కొట్టినట్టు, శబ్దం వచ్చి అక్కడే ఆగిపోతుంది. ప్లాస్టిక్‌ది మర్యాదగా ఉంటుంది గానీ, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ఏదీ తేల్చి చెప్పదు. అల్యూమినియంది ఉన్నది ఉన్నట్టు కక్కేస్తుంది. పైగా స్టీలు కంచం మీద చెంచా పడ్డట్టు తనూ ఒక స్థాయిలో ఖంగుమంటుంది. ఆ ఖంగును అణచడానికి లోపల చిన్న సర్క్యూట్ పెట్టాలి. నేను పెట్టలేదు. స్పష్టతకు కళ్లెం వేయడమేమిటని నా వాదన. ఆ వాదన వినే ఓపిక ఎవరికీ లేకపోవడంతో నేను ఎప్పుడూ ఓడిపోలేదు.

చీరాల దగ్గర ఒక పల్లెలో మా సుశీలత్తయ్య ఉండేది. ఆమె భర్త వీరాంజనేయులు మావయ్య నాటకాల్లో రాజు వేషాలు వేసి పద్యాలు పాడేవాడు. గొంతు కన్నా ఆయన జ్ఞాపకశక్తికే పేరెక్కువ. ఒక్కసారి వింటే చాలు, పద్యం ఇక మరిచిపోడని చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకునేవారు. ఆయన పోయాక అత్తయ్య రోజూ బియ్యం ఏరుకుంటూ, మావయ్య ఇంట్లో పాడుకున్న క్యాసెట్ ఒకటి పాత టేప్ రికార్డర్లో వినేది. దాని కాగితపు స్పీకర్ చెమ్మకు నీరసపడిపోయింది. మావయ్య దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టుండేది. నాకు జాలేసింది.

"డ్రైవర్లు మార్చాలత్తయ్యా" అన్నాను.

"మనకి కారే లేదు కదరా" అంది.

సంవత్సరీకం నాటికి అల్యూమినియం డ్రైవర్లతో రెండు పెట్టెలు బిగించి తీసుకెళ్లాను. కళ్లాల్లో మిరపకాయలు ఆరే రోజులు. ఆకు కదలడం లేదు. భోజనాలయ్యాక అందరూ ముందుగదిలో చాపల మీద ఒరిగారు. ఎండ రాకుండా కిటికీలు మూశారు. గోడ వారన మావయ్య పడక్కుర్చీ ఉంది. ఆయన పోయాక దానిలో ఎవరూ కూర్చోలేదు. దానికి అటొకటి ఇటొకటి నా పెట్టెలు పెట్టాను. ఒకే గొంతు రెండు స్పీకర్లలోంచీ సమానంగా వస్తే, మనిషి సరిగ్గా మధ్యలో ఉన్నట్టు వినబడుతుంది. ఈ సంగతి నేను క్లాసులో పాఠం చెప్పేవాణ్ణి. ఆ మధ్యలో ఏ కుర్చీ ఉందో మాత్రం చూసుకోలేదు.

క్యాసెట్ పెట్టాను. ఖాళీ కుర్చీ గొంతు సవరించుకుంది.

చాపల మీద ఉన్నవాళ్లంతా లేచి కూర్చున్నారు. కుర్చీ ఊపిరి పీల్చుకుంది. పెదవులు విడివడిన చప్పుడు కూడా వినిపించింది. ఆ తర్వాత మావయ్య పద్యం ఎత్తుకున్నాడు. గొంతు ఎత్తు, దూరం, అంతా ఆయన కూర్చున్నప్పటి లెక్కే. మా పెద్దమ్మ కుర్చీకి దండం పెట్టింది. నేను మాత్రం గర్వంతో పొంగిపోయి, సౌండ్ ఇంకాస్త పెంచాను.

అప్పుడు వినిపించింది రెండో గొంతు. ఎండుమిరపకాయలో గింజలు కదిలినట్టు సన్నటి గుసగుస. "మేఘము" అంది. మరుక్షణం మావయ్య "మేఘము గర్జించినటుల" అని పాడాడు. గుసగుస "సింహాసనము" అంది. మావయ్య సింహాసనం అందుకున్నాడు. ఆయన పాడబోయే మాట ప్రతిదీ ఎవరో కుర్చీ వెనక నుంచి ముందే చెబుతున్నారు.

మావయ్య పక్కన మంత్రి వేషాలు వేసిన కోటేశ్వరరావు గారు అక్కడే ఉన్నారు. మాటలు మరిచిపోవడంలో ఆయనకు ఆయనే సాటి. వీరాంజనేయుల్ని చూసి నేర్చుకోమని జీవితమంతా తిట్లు తిన్న మనిషి. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "అందులో ఇంకెవరున్నారయ్యా?" అని మెల్లిగా అడిగారు.

ఎవరూ లేరని, టేపు చుట్టల్లో ఒక పొర శబ్దం పక్క పొరకు అంటుకుని ముందే వినిపిస్తుందని శాస్త్రం చెప్పాను. అది ఆడగొంతు కదా అన్నారాయన. నా శాస్త్రం అక్కడితో అయిపోయింది.

అంతలో మావయ్య పద్యం మధ్యలో ఏదో పొసగని మాట పలికి ఆగిపోయాడు. గదిలో టేపు బుస తప్ప ఏమీ లేదు. కుర్చీ వెనక నుంచి గుసగుస వచ్చింది.

"రండి... ఇటు రండి..."

మా పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులని డాక్టర్లు చెప్పేవారు. ఆ రోజు గడప దాటినవాళ్లలో ఆవిడే మొదటిది. క్షణంలో గది ఖాళీ. కాళ్లు లేవక నేను, నడుము లేవక కోటేశ్వరరావు గారు మిగిలాం. వంటింటి గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. మొహం పాలిపోయింది.

కుర్చీ మళ్లీ మాట్లాడింది. ఈసారి గుసగుసలో విసుగుంది.

"అది కాదండీ. అది పోయినవారం నాటకంలోది. మళ్లీ మొదట్నించి అందుకోండి."

మావయ్య బుద్ధిగా మొదట్నించి అందుకున్నాడు.

ఆ విసుగు మా ఇంటిల్లిపాదికీ బాగా తెలిసిన విసుగు. కోటేశ్వరరావు గారు అత్తయ్య వైపు తిరిగారు. ప్రతి నాటకానికీ మిరియాల పాల గ్లాసుతో ఆమె తెర పక్కన కూర్చునేదని, ఆ పాలు మావయ్య తాగగా తానెప్పుడూ చూడలేదని నెమ్మదిగా గుర్తుచేసుకున్నారు.

"ఆయనకి రాక కాదన్నయ్యా" అంది అత్తయ్య. "నా గొంతు వినపడకపోతే భయపడేవారు."

ఇంటి గుట్టు నా చేత్తో నేనే నలుగురిలో పెట్టానని అప్పుడు తెలిసింది. ఆపబోయాను. ఆమె వద్దంది. కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"రోజూ వింటున్నా. ఇందులో నేను కూడా ఉన్నానని తెలీదురా" అంది.

క్యాసెట్ అయ్యేదాకా వింది. ముందు గుసగుస, వెనకే పద్యం. తెలిసిపోయింది కదా, భయం పోయి ఉండాలి. పోలేదు. ఆ కుర్చీ గుడ్డ కాస్త కిందికి వంగినట్టు నాకిప్పటికీ అనుమానమే.

వెళ్లేటప్పుడు కోటేశ్వరరావు గారు నన్ను పక్కకు పిలిచి, తన పద్యాల క్యాసెట్లు కూడా ఇంట్లో ఉన్నాయని, నేను ఎప్పటికీ వాళ్ల ఇంటి ఛాయలకు రాకూడదని బతిమాలారు. కారణం అడిగాను.

"మా ఆవిడా అందించేది నాయనా. అయినా నేను తప్పే పాడేవాణ్ణి."

కాబట్టి, చదువరులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పెళ్లయిన ఏ మగవాడి గొంతునూ అల్యూమినియంలో నలుగురికీ వినిపించను. తప్పనిసరైతే, ముందు వాళ్లావిడకు ఒక్కదానికే వినిపించి, ఎక్కడ ఆపాలో అడిగి రాసుకుంటాను.