సంచీ కట్టు విప్పేముందు

"మీ మావయ్య ఇంక అన్నం అడగరురా" అని అత్తయ్య ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ఆయన పోయిన కబురు నాకలా తెలిసింది. తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో, నోట్లో ఇడ్లీ ముక్కతో విన్నాను. మింగాలో ఉమ్మాలో తేలలేదు.

కొల్లేటికోట దగ్గర చేపల చెరువులు చూసుకునేవారు మావయ్య. ఆయన పలకరింపు ఒక్కటే: "తిన్నావా అల్లుడూ?" తిన్నానన్నా వడ్డించేవారు. సెలవులకి వెళ్తే నేను చెప్పులు గుమ్మంలోనూ, చెయ్యి వంటింట్లోనూ ఒకేసారి పెట్టేవాణ్ణి.

ఆయనకి బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. మూలకణాలు ఎక్కించాలన్నారు. చుట్టాలందరికీ పరీక్షలు చేసి, ఎందుకూ పనికిరాడనుకున్న నన్నే ఎంచారు. సగం సరిపోయానట. డిగ్రీలోనూ నా మార్కులు అంతే లెండి.

నా కణాలున్న సంచీని నర్సమ్మగారు స్టాండుకి తగిలించబోతుంటే మావయ్య చెయ్యి చాచారు.

"ఒక్క అరగంట నా పొట్టమీద పెట్టండమ్మా. అలవాటు పడనివ్వాలి కదండీ."

చేపపిల్లలొస్తే ఆయన వెంటనే వదలనిచ్చేవారు కాదు. మూతి కట్టిన సంచుల్ని అలాగే చెరువులో తేలేసి, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక్క వేడికి వచ్చాకే కట్టు విప్పేవారు.

"ఇవి చేపపిల్లలు కాదండీ" అని ఆవిడ నవ్వి, సంచీని స్టాండుకి తగిలించేసింది. ఆవిడకంటే గట్టిగా నేను నవ్వాను.

కొన్ని వారాలకి మావయ్యకి విరేచనాలు పట్టుకున్నాయి. చెంచాడు గంజి నిలవలేదు. డాక్టరుగారు చెప్పారు: "కీమోకి పేగు గోడ దెబ్బతింది. పేగులో ఉండాల్సిన క్రిములు గోడలోకి ఊరాయి. ఆ అలజడికి మీరిచ్చిన రోగనిరోధక కణాలు రేగాయి. వాటికి ఆ పేగు పరాయిది, దానిమీదే పడ్డాయి. వాటిని పూర్తిగా అణిచేస్తే పాత జబ్బు తిరగబెట్టొచ్చు." స్టెరాయిడ్లకీ లొంగలేదు. నాకేం ఆశ్చర్యం వెయ్యలేదు. నా కణాలు కదా, మావయ్య ఇంటికెళ్తే తిన్నగా వంటింట్లోకే.

ఆ జోకు ఆయనకి చెబుదామని వెళ్ళాను. నోరు విప్పితే వేరేది వచ్చింది.

"మావయ్యా, నావల్లేనా?"

"గట్టు నాది. అది తెగితే చేపపిల్లల తప్పేంట్రా?" అని నా మొహం చూసి, "తిన్నావా?"

ఆయన ఒంట్లో చివరికి తిరిగిన రక్తం నా కణాలు పుట్టించిందే. చితి అంటుకున్నప్పుడు దూరంగా నిలబడ్డవాణ్ణీ నేనే, లోపల కాలినవాణ్ణీ కొంత నేనే.

బయాలజీ చదివినవాణ్ణి. ఆ అరగంటకీ ఆయన పేగుకీ సంబంధం లేదని తెలుసు. అయినా ముద్ద ఎత్తినప్పుడల్లా వేళ్ళ మధ్య అదే ఉంటుంది. ఆ అరగంట ఆగివుంటే?

మొన్న చేపపిల్లల బండి వస్తోందని అత్తయ్య రమ్మంటే వెళ్ళాను. సంచులన్నీ తేలేశాం.

"అరగంట దాటిపోయిందండీ, విప్పెయ్యండి బాబూ" అన్నాడు పనాయన.

నడుంలోతు నీళ్ళలో ఒక సంచీని పొట్టకి ఆనించుకుని నిలబడ్డాను. లోపలినుంచి చిన్న చిన్న మూతులు నా కడుపుని పొడుస్తున్నాయి.

"ఇంకాసేపండీ" అన్నాను.