ఉప్పు సైడింగులో ఒరిగిన ఇంజను ఫోటో

బిట్రగుంట రైల్వే కాలనీ గేటుకు ఎదురుగా ఫోటో స్టూడియో పెట్టుకున్న అల్లాబక్షుకు, రైలు ఫోటో అడిగేవాళ్ళంటే ఒళ్ళు మంట. రైలు ఫోటో కావాలనే వస్తారు. తీరా చూస్తే ఒక్కడికీ రైలు అక్కర్లేదు, రైలు ముందర నిలబడిన తన మొహం కావాలి. కొత్తగా ఫైర్‌మన్ అయినవాడు వస్తాడు. తల నిండా నూనె, మెడకు ఎవడిదో రుమాలు. ఇంజను మెట్టు మీద ఒక కాలు పెట్టి, "పొగ రావాలన్నా, పొగ లేకుంటే అది రైలెట్టా అవుతాది?" అంటాడు. నిప్పు ఆర్పి షెడ్డులో నిలబెట్టిన ఇంజనుకు పొగ ఎక్కణ్ణుంచి వస్తుంది? కుంచెతో వెయ్యాలి. పదేళ్ళుగా కాలనీలో గోడగోడకూ పొగలు వేసిపెట్టాడు అల్లాబక్షు. వేసిన ప్రతిసారీ కుంచె కడిగి, తూ అని ఉమ్మేవాడు.

దసరా మరీ అన్యాయం. ఆయుధపూజకు ఇంజన్లను కడిగి, పసుపు కుంకుమలు పూసి, అరటి పిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాళ్ళు. అంతవరకు బాగానే ఉండేది. ఫోటో అనేసరికి మేస్త్రీ మొదలు కళాసీ దాకా అందరూ ఇంజను మీదికెక్కేవాళ్ళు. బాయిలరు కనపడదు, చక్రం కనపడదు. ప్లేటు కడిగి చూస్తే బంతిపూల మధ్య పళ్ళు తప్ప ఏమీ ఉండదు. దాన్నే పట్టుకుని "అబ్బ, ఇంజను ఎంత బాగా పడిందన్నా!" అని మురిసిపోయేవాళ్ళు. వీళ్ళకు దేవుడు కళ్ళెందుకిచ్చాడో అని అతనికి అసహ్యం పుట్టేది.

అతని లెక్క వేరు. మంచి రైలు ఫోటోలో మనిషి ఉండకూడదు. అంత ఇనుమూ పట్టాల మీద మోపిన బరువు చూసేవాడికి తెలియాలి. చూపు వెళ్ళి చక్రం మీద నిలవాలి. దాన్ని పక్కకు లాగే మచ్చ ఒక్కటున్నా ఆ ఫోటో చెడినట్టే. భార్య బీజాన్ నవ్వేది.

"రైలుకే ఇన్ని వంకలు పెడతావే, పెండ్లికి ముందు నన్నుగూడా ఇట్నే చూసినావా?"

"చూసింటే చేసుకుంటానా?" అనేవాడు.

ఎన్ని మాటలన్నా, తన లెక్కకు సరిపడే ఫోటో ఒక్కటి తియ్యాలని మటుకు అతనికి గట్టి కోరిక. పొగలు వేసుకునే బతుక్కి అదెప్పుడు కుదురుతుందని విసుక్కునేవాడు.

అరవైమూడు కార్తీకంలో ముసురు పట్టి వదల్లేదు. ఉప్పు కొటార్లకు పోయే చిన్న సైడింగు లైను మీద, సముద్రపు కాలువ పక్కన ఒక ఇంజను పట్టా తప్పి కట్ట మీద ఒరిగిపోయింది. ఎవరి ప్రాణమూ పోలేదు. డ్రైవరు మాలకొండయ్యకు చెయ్యి విరిగింది. పట్టాల కింద మట్టి కొట్టుకుపోయిందనీ, స్లీపర్ల అడుగున నీళ్ళు తళతళలాడడం తన కళ్ళారా చూశాననీ, బ్రేకు వేసేలోపే ఇంజను కూలిందనీ అతను చెప్పాడు. ఆఫీసర్లు నమ్మలేదు. వేగంగా తోలి పడేశావన్నారు. విచారణలో అదే తేలితే ఇరవై ఏళ్ళ డ్రైవరు ఉద్యోగం ఊడుతుంది. ఇంజను లేపకముందే ఫోటోలు తియ్యమని ఆఫీసు నుంచి అల్లాబక్షుకు కబురొచ్చింది. మాలకొండయ్య మాట కాలనీ అంతా అనుకుంటున్నదే, అతనూ విన్నాడు. విని, కెమెరా పెట్టె భుజానికెత్తుకుని పోయాడు.

తీరా పోయి చూస్తే అక్కడ బురదలో తిరణాల జరుగుతోంది. పట్టుచీరలు కట్టుకొచ్చిన ఆడవాళ్ళు, జీపులో దిగిన బుచ్చిరెడ్డిపాలెం బియ్యం మిల్లు షావుకారు, అతని బావమరుదులు. ఆసుపత్రిలో ఒకడు చెయ్యి కట్టించుకుని మూలుగుతుంటే, వీళ్ళకు ఒరిగిన ఇంజను పక్కన నిలబడి ఫోటో దిగాలట. అతని దగ్గర ఉన్నవి మూడు గాజు ప్లేట్లు. ఒకటి చుట్టపుచూపుకొచ్చిన ఆఫీసరు భార్యాబిడ్డలు తిన్నారు. రెండోది షావుకారు తిన్నాడు, మీసం దువ్వుకుంటూ.

మూడోదానికి అల్లాబక్షు కేకలు వేసి అందర్నీ తరిమాడు. ముసురు కాసేపు తెరిపిచ్చింది. తడిసిన ఇనుము మీదికి ఏటవాలుగా వెలుగొచ్చింది. నల్లగుడ్డలో తల దూర్చి చూశాడు. పొగ లేదు, పూలు లేవు, పళ్ళు లేవు. ఒక్క ఇంజను, దాని బరువు. అతను తీశాడు.

మర్నాడు పొద్దున చీకటిగదిలో ప్లేటు కడిగితే అనుకున్నదానికంటే గొప్పగా వచ్చింది. కానీ ఒక వంక ఉంది. చక్రం పక్కన, పట్టాల అడుగున, అచ్చులో తెల్లగా మెరిసే మచ్చ ఒకటి. చూపంతా అక్కడికే పోతోంది. ఎన్నాళ్ళకో పడిన ఫోటోకు ఈ దరిద్రపు మచ్చ ఒకటా అని పళ్ళు నూరాడు. ఫోటోలో తెల్లగా పడేది ప్లేటు మీద నల్లగా ఉంటుంది. దాన్ని సన్నటి కత్తితో గీకేస్తే మచ్చ మాయమవుతుంది. పెళ్ళికొడుకుల మొహాల మీద మచ్చలు అట్లాగే తీసేవాడు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. గీకి, అచ్చు తీసి, ఆరబెట్టి ఆఫీసులో ఇచ్చాడు. చూసినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. రైలు ఫోటో అంటే ఇదీ అన్నారు. మొదటిసారి వాళ్ళ పొగడ్త అతనికి రుచించింది.

ఆ సాయంత్రం మాలకొండయ్య కట్టుకట్టిన చేత్తో స్టూడియోకొచ్చాడు. పట్టాలు బాగుచేసే గ్యాంగువాళ్ళు అప్పటికే కట్ట మీద రాళ్ళు పోసి పూడ్చేశారు.

"అల్లాబక్షన్నా, ఇంక నీ ఫోటోనే నాకు దిక్కు. చక్రం పక్కన నీళ్ళు పడినాయి గదా? తెల్లంగా మెరస్తా ఉండాల."

అల్లాబక్షు బల్ల మీది కత్తిని పక్కకు తోశాడు.

"పడే ఉంటాయిలే అన్నా," అన్నాడు.

మాలకొండయ్య దండం పెట్టి వెళ్ళిపోయాడు. అల్లాబక్షు మిగతా రెండు ప్లేట్లు తీసి వెలుగుకు పెట్టి చూశాడు. ఒకదాంట్లో ఆ చోట పట్టుచీరల కుచ్చిళ్ళు. రెండోదాంట్లో సరిగ్గా నీళ్ళకు అడ్డంగా షావుకారు పంచె. తరిమి తీసిన మూడోది తన చేత్తోనే చెడింది. గీకిన గాజు మీద మళ్ళీ నీళ్ళెక్కడ పుట్టించేది? షావుకారు మీద పుట్టిన అసహ్యం తన మీద పుట్టినదాని ముందు ఏ మూలకూ రాలేదు.

విచారణ రోజు పిలవకుండానే పోయి నిలబడ్డాడు. ఫోటో బల్ల మీద ఉంది. ఆఫీసరు దాన్ని మాలకొండయ్య ముందుకు తోశాడు.

"ఎక్కడయ్యా నీ నీళ్ళు? కట్ట రాయిలాగా ఉంది."

మాలకొండయ్య ఫోటో మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"ఉండినాయి సార్," అన్నాడు అల్లాబక్షు. "నేనే గీకేసినా. ఫోటో బాగుండాలని గీకినా. ఆ మట్టి నిజంగానే పోయుండాది."

ఆఫీసరు నవ్వాడు. "ఇచ్చేటప్పుడు ఈ మాట చెప్పలేదే? ఇద్దరూ ఒక ఊరోళ్ళు. ఏం, బాగా స్నేహమా?"

ప్లేటు తెచ్చి చూపిస్తానన్నాడు అల్లాబక్షు. గీకిన చోట ఏముండేదో ఆ గాజు చెప్పదు కదా, అక్కర్లేదన్నారు. మాలకొండయ్య డ్రైవరు పని పోయింది. దయతలిచి షెడ్డులో బూడిద తోడే పనిలో పెట్టారు. ఫోటోకు చట్రం కట్టించి రైల్వే ఇన్‌స్టిట్యూటు హాల్లో తగిలించారు.

ఒకనాడు ఆ హాలు ముందే మాలకొండయ్య ఎదురుపడ్డాడు, మోకాళ్ళ దాకా బూడిదతో. అల్లాబక్షు తప్పుకుని పోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆ ఫోటో దినమ్మూ చూస్తాండా అన్నా. ఎంత శుద్ధంగా పడినాది! నీళ్ళు చూసినానని అంతమంది ముందర ప్రమాణం చేసినా. నాకు కండ్లు చెదిరినాయి గాబోలు. అయినా నా కోసరం ఆఫీసరు ముందర అంత అబద్ధమాడినావు. నా అన్నదమ్ములైనా ఆడరు."

"అబద్ధం గాదన్నా. అల్లా తోడు, నా చేత్తోనే గీకినా."

మాలకొండయ్య నవ్వి అతని భుజం తట్టాడు. "చాల్లే అన్నా. విచారణ అయిపోయింది గదా. ఇంకా ఎందుకు ఆ మాట?"