మానికలో వడ్లగింజ

హన్మకొండ చౌరస్తాలో బట్టల దుకాణం ఉన్న ఇంట్లో పుట్టి, గజంబద్ద పట్టడం చేతగాక బడిపంతులైన మనిషి పాండురంగం. దుకాణంలో కూర్చోబెడితే, గిరాకీల వెంట వచ్చిన పిల్లలను ముందు నిలబెట్టుకుని ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడట. ఆ మురిపెంలో ఆయన పడి ఉంటే కట్ పీసులు ఎటుపోయేవో ఎవరికీ తెలిసేది కాదు. చివరికి వాళ్లన్న రెండు చేతులెత్తి దండం పెట్టి, "తమ్మీ, నీకు బడే కరెక్టు" అన్నాడు. అట్లా డెబ్బైల మొదట్లో, పాలకుర్తి పోయే దారిలో బస్సు దిగి పొలాల గట్ల మీదుగా నడిస్తే వచ్చే ఒక చిన్న ఊరి బడికి వచ్చిపడ్డాడు. ఎనభై నాలుగులో బదిలీ అయ్యేదాకా రోజూ బస్సులో వచ్చిపోతూ అక్కడే పనిచేశాడు.

బడి అంటే పెంకులు జారిన ఒక అర్ర, దాని ముందు నీడకు చిన్న సాయబాను, అంతే. వానొస్తే పిల్లలంతా ఒక మూలకు, సారు ఇంకో మూలకు. అయినా ఆ రోజులు ఎంత బాగుండేవో! పలకలు తుడిచిన తడి ఆకు వాసన, నోట్లో పెట్టుకుని నమిలే బలపం ముక్క, సాయంత్రం గొంతులు పగిలేలా అరిచే ఎక్కాలు. సారు బస్సు దిగడం చూసి పిల్లలు ఎదురుపోయేవారు. ఆయన సంచి మోయడానికి కొట్లాడుకునేవారు. నడుస్తూ నడుస్తూ కనబడినవాటిని లెక్కపెట్టించేవాడు: గట్టు మీది తాటిచెట్లు, వైరు మీది పిట్టలు, ఎదురొచ్చిన ఎడ్లు.

"సారూ, ఒకటి, రెండు అనుకుంట పోతే యాడ ఆగుతది?" అని ఒకనాడు మల్లక్క అడిగింది. మూడో తరగతి పిల్ల, ముక్కు కారుతున్నా పట్టించుకోని పిల్ల.

"ఆగదు బిడ్డా. నువ్వు అలిసిపోతవు గని అది అలిసిపోదు."

మల్లక్క ఆ మాటకు నడక మరిచి నిలబడిపోయింది. పాండురంగానికి ఆ పిల్ల మీద ప్రేమ అప్పుడే పుట్టింది. ఎన్నేళ్లు పాఠాలు చెప్పినా అట్లాంటి ప్రశ్న వేసే పిల్లలు ఎందరు దొరుకుతారు?

ఒకట్లు, పదులు, వందలు చెప్పడానికి ఆయన దగ్గర నల్లబల్ల తప్ప ఏమీ లేదు. ఊళ్లో తిరిగి వడ్లు కొలిచే పాత్రలు మూడు, చిన్నదాని నుంచి పెద్దదాకా ఒక సోల, ఒక మానిక, ఒక కుంచం అడిగి తెచ్చాడు. చింతగింజలు ఒకట్లకు సోలలో వేయాలి. పది కాగానే వాటిని తీసేసి మానికలో ఒక్కటి వేయాలి. మానికలో పదైతే కుంచంలో ఒక్కటి. వడ్లు కొలిచే ఇళ్ల పిల్లలకు ఇది ఆటలాగే ఉండేది. నూట ఇరవై మూడు అనగానే చేతులు వాటంతటవే పనిచేసేవి.

చిక్కంతా మల్లక్కతోనే వచ్చింది. మూడువందల ఐదు అంటే కుంచంలో మూడు వేస్తుంది, సోలలో ఐదు వేస్తుంది. ఆ తర్వాత ఖాళీగా ఉన్న మానికలో ఒక గింజ జారవిడుస్తుంది. పలక మీద మూడువందల పదిహేను రాస్తుంది. నలభై రాయమంటే నలభై ఒకటి. మొదట్లో ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలు కూడా ఇట్లాగే చేశారు కానీ, సారు చెవి మెలేయగానే నల్లబల్ల చూసి దిద్దుకున్నారు. మల్లక్క దిద్దుకోలేదు. అంత చురుకైన పిల్లకు ఇంత చిన్న సంగతి ఎందుకు ఎక్కడం లేదో తెలియక పాండురంగం తల పట్టుకున్నాడు.

ఆ సంగతి ఆ నోటా ఈ నోటా మల్లక్క తల్లి బక్కమ్మ చెవిన పడింది. మొగుడు పోయాక ఒంటి రెక్కల మీద సంసారం లాగుతున్న మనిషి. తిన్నగా బడికే వచ్చింది.

"సారూ, మిరపకాయ ఏరే దినాలొచ్చినయ్. దీనికి లెక్క ఎక్కుతలేదని మీరే అంటాండ్రు. ఎక్కనిదాన్ని ఊకె తోలుడెందుకు? సోమారం సంది నాతోని కైకిలికి తీస్కపోత."

ఒకసారి కూలికి పోయిన పిల్ల మళ్లీ బడి మెట్లెక్కడం పాండురంగం ఎన్నడూ చూడలేదు. "పరీక్షలదాక జర ఆగరాదు బక్కమ్మా" అని బతిమాలాడు. ఆమె కొంగు దోపుకుని గట్ల వెంట పోయింది.

శనివారం పగలంతా మల్లక్కను ముందు కూర్చోబెట్టుకున్నాడు. మళ్లీ అదే తప్పు. కోపం ఆపుకోలేక చెవి మెలేశాడు. "మూడువందల ఐదుల పది యాడున్నదే?"

"లేదు సార్."

"మరెందుకు ఏసినవు?"

పిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుని నేల చూసింది.

ఆదివారం సెలవైనా బస్సెక్కి వాళ్లింటికి పోయాడు, ఇంకోసారి బతిమాలుకుందామని. బియ్యం పట్టించే గిర్నికి పంపడానికి బక్కమ్మ వడ్లు కొలుస్తోంది. సారును చూసి మంచం వాల్చింది. చివరి మానిక సంచిలో కుమ్మరించి, చిటికెడు వడ్లు మళ్లీ ఆ మానికలో వేసి వడ్ల గుమ్మి మీద పెట్టింది.

"అదేంది, నాలుగు గింజలు మల్ల అండ్ల ఏసినవు?"

"కొలిచేదాన్ని వట్టిగ పెడ్తరా సారూ? లచ్చిమి అలుగదా? అవి లెక్కలకు రావు. మానిక వట్టిగుండొద్దు, గంతే."

పాండురంగం మెల్లగా మల్లక్క వైపు తిరిగాడు. "బడిల గూడ గందుకే ఏస్తున్నవా బిడ్డా?"

పిల్ల తలూపింది.

"నాతోని చెప్పకపోతివి?"

"మీకు ఎరికే అనుకున్న సార్. మీ ఇంట్ల మానిక లేదా?"

వాళ్లింట్లో ఉన్నది గజంబద్ద. వంటింట్లో అమ్మ బియ్యం ఎట్లా కొలిచేదో ఆయన ఏనాడూ తొంగిచూడలేదు. నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. బతిమాలడానికి వచ్చిన సంగతి మరిచి అట్లాగే లేచి బస్సుకు నడిచాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా అదే ఆలోచన. మానిక వట్టిగా వదిలెయ్ అంటే ఆ పిల్ల తల్లి మాట కాదనాలి. వదలకపోతే లెక్క తప్పుతుంది. ఏడేళ్ల పిల్లను రెంటి మధ్య నలిపాను కదా అని బాధపడ్డాడు.

సోమవారం పొద్దున బక్కమ్మ తలకు తువ్వాల చుట్టుకుని, గంప, సద్ది మూట పట్టుకుని బడి ముందుకు వచ్చింది. మల్లక్క చేతిలో చిన్న గంప. దారి మీద కూలికి పోయే ఆడవాళ్లు నిలబడి ఉన్నారు.

"ఒక్క లెక్క చేయనియ్యి, అయినంక నీ ఇష్టం" అని పాండురంగం పిల్లను లోపలికి పిలిచాడు. జేబులోంచి గుప్పెడు వడ్లు తీసి అందరికీ చూపించాడు. "చింతగింజ లెక్కకు వస్తది. వడ్లగింజ లెక్కకు రాదు. యాడ ఏం లేదో, ఆడ గీ వడ్లగింజ పెట్టాలె. జాగ వట్టిగుండదు, లెక్క పెరగదు. పలక మీద దాని గుర్తే సున్న. మల్లక్కా, మూడువందల ఐదు."

పిల్ల గంప కింద పెట్టింది. కుంచంలో మూడు, సోలలో ఐదు. మానికలో వడ్లగింజ ఒకటి. పలక మీద మూడు వేసింది, పక్కన గుండ్రంగా సున్న చుట్టింది, ఐదు వేసింది.

"ఐదువందలు!"

కుంచంలో ఐదు చింతగింజలు పడ్డాయి. మానికలో ఒకటి, సోలలో ఒకటి, రెండు వడ్లగింజలు. "శబాష్" అన్నాడు సారు, చప్పట్లు కొడుతూ.

బక్కమ్మకు పలక మీది అంకెలు తెలియవు. వడ్లగింజ మాత్రం తెలుసు. "అదెందుకే ఏసినవు?" అంది.

"నువ్వే చెప్పినవు గదనే, వట్టిగ పెట్టొద్దని. మొన్నటిదాక చింతగింజ ఏసిన. సారు చెవ్వు మెలేసిండు."

బక్కమ్మ బిడ్డ చెవి పట్టి చూసింది. "నా మాట పట్టుకున్నందుకు దెబ్బలు తిన్నవా? ఒక్కనాడన్న ఇంట్ల చెప్పకపోతివి బిడ్డా!"

"తప్పు దానిది గాదు బక్కమ్మా, నాది. దానికి లెక్క ఎప్పుడో ఎక్కింది" అన్నాడు పాండురంగం.

ఆమె బిడ్డ చెవి వదిలింది. కింద ఉన్న చిన్న గంపను తీసి తన గంపలో వేసుకుని దారి మీదికి పోయింది.

"పొద్దెక్కుతాంది, నీ బిడ్డ రాదా?" అని కేకేశారు ఆడవాళ్లు.

"రాదు" అంది బక్కమ్మ, వెనక్కి చూడకుండానే. "రేపు గూడ రాదు."