ఆరో గేరులో చందూలాల్ కాకా

మా చందూలాల్ కాకాకు ఒకటే జబ్బు. ఏ ఇంజనైనా అవసరానికి మించి అరిస్తే ఆయన ఓర్చుకోలేడు. రోడ్డున పోయే బండి ఎవరిదైనా సరే, "పై గేరెయ్ రా!" అని కేక వేస్తాడు. ఒకసారి అత్తారింటికి పోతున్న పెళ్లికూతురి కారుకు అడ్డం నిలబడి, ఏడుస్తున్న ఆ పిల్లను "జర ఆగు బిడ్డా" అని, మూడో గేరు ఎప్పుడు వేయాలో డ్రైవర్‌కు నేర్పి పంపాడు. మా ఇంట్లో మిక్సీ తిరిగినా గోడ అవతల నుంచి గొంతు వినపడుతుంది: "చట్నీకి మూడో నంబర్ ఎందుకమ్మా? ఒకటి చాలదా?"

ముప్ఫై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపాడు. లీటరు డీజిల్‌కు ఏ డ్రైవర్ ఎన్ని కిలోమీటర్లు తీశాడో డిపోలో బోర్డు మీద రాస్తారు. అందులో పై పేరు ఎప్పుడూ ఈయనదే. రిటైరైతే ఇంటి మీద ఇంకో స్లాబు వేస్తాడని మా జూలూరుపాడంతా అనుకుంది. ఆయన హైదరాబాద్ పోయి సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. ఎర్రది. రెండే సీట్లు. దారిలో ఉన్న ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ పొట్ట గీకించుకుంటూ ఊళ్లోకి వచ్చింది.

"ఇదేంది కాకా, గిట్ల చేసినవ్?" అన్నాను.

"ముప్ఫై ఏండ్లు ఐదు గేర్లతోని బతికిన బిడ్డా. ఆరోది చూడకుంట పోవాల్నా?"

గంటకు రెండు వందలు పోయే బండిని ఆయన అరవై దాటనివ్వడు. పత్తి లోడు ఆటోలు కూడా దాటిపోతుంటాయి. ఆటో రాందాస్ అయితే పక్కకొచ్చి మరీ అడుగుతాడు: "కాకా, తాడు ఇయ్యాల్నా? గుంజుకపోత!"

"ముందు నువ్వు పై గేరెయ్ రా! నీ ఇంజన్ ఏడుస్తుంది!"

నాకు మాత్రం ఆ కారు మీద ఆసక్తి పుట్టింది. ఒక ఆదివారం పక్కన కూర్చున్నాను. కాకా అరవై మీద మూడో గేరులో పోనిచ్చాడు. ఇంజన్ చుట్లు చూపే ముల్లు మూడు వేల మీద వణుకుతోంది. అదే వేగంలో ఆరో గేరు వేశాడు. ముల్లు పదిహేడు వందలకు దిగింది. కారులో ఒక్కసారిగా నిశ్శబ్దం.

"చూసినవా? రోడ్డు గదే, వేగం గదే. ఇంజన్ తిరిగే చుట్లు సగం దగ్గరికొచ్చినయ్. ప్రతి చుట్టుకూ లోపల రాపిడి ఉంటది. పెట్రోల్‌లో కొంత ఆ రాపిడే తింటది. చుట్లు తగ్గితే దాని తిండి తగ్గుతది."

"మరి ఎప్పుడూ ఆరులోనే పోవచ్చుగా?"

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు, ముందు ఎత్తు రాగానే ఆరో గేరులోనే ఎక్కించాడు. కారు దడదడలాడింది. నా పళ్లు కూడా.

"గుంజలేక కొట్టుకుంటుంది! ఇప్పుడు ఎంత తొక్కినా దండుగే. ఎత్తుకు నాలుగు." గేరు మార్చాడు. కారు ఊపిరి పీల్చుకుంది.

"దిగుడుకు న్యూట్రల్ చేస్తవా?"

"ఛ! గేరులో ఉంచి కాలు తీసెయ్యాలె. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతయ్, పెట్రోల్ చుక్క పడదు. న్యూట్రల్ చేస్తే ఇంజన్ తిరగనీకి మళ్ల పెట్రోల్ తాగుతది."

పాత యజమానికి లీటరుకు తొమ్మిది ఇచ్చిన కారు ఈయనకు పద్దెనిమిది ఇస్తోంది. ఇరవై చూస్తేగానీ నిద్రపోనన్నాడు.

ఆ రోజుల్లోనే మా పక్క గూడెంలో ఎర్రమ్మ డయాలసిస్‌కు పోవడం మానేసింది. కిడ్నీలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు కొత్తగూడెం దవాఖానాకు పోయి రక్తం శుభ్రం చేయించుకోవాలి, ఒంట్లో చేరిన నీళ్లు తీయించుకోవాలి. ఆడవాళ్లకు బస్సు ఉచితం, దవాఖానాలో సూదికీ పైసా ఖర్చు లేదు. కానీ ఒక రోజు తిరుగు ప్రయాణంలో బస్సులోనే పడిపోయింది. నలుగురూ ఎత్తి కూర్చోబెట్టారు. అదే ఆమెకు తలకొట్టేసినట్టయింది. "ఒకరి చేతుల మీద మోయించుకునుడు నాతోని కాదు" అని ఇంట్లో కూర్చుంది. పోకపోతే ఎక్కువ రోజులు బతకదని ఆమెకూ తెలుసు. ఆమె తమ్ముడు పగిడయ్య కాళ్లు పట్టుకున్నా కదల్లేదు.

చందూలాల్ కాకా నన్ను వెంటబెట్టుకుని ఆమె వాకిట్లో దిగాడు. పరామర్శకేమో అనుకున్నాను.

"ఎర్రమ్మ చెల్లె, నాకో సాయం చెయ్యాలె. కొత్తగూడెం రోడ్డు మీద మైలేజ్ టెస్ట్ పెట్టిన. పక్క సీట్ల ఎప్పుడూ ఒకే బరువుండాలె. బస్తా పెడితే జారుతుంది. నీ అసొంటి మనిషైతే సరిపోతది."

నాకు ఒళ్లు మండింది. మనిషి ప్రాణాల మీద ఉంటే ఈయనకు మైలేజా! ఎర్రమ్మ మాత్రం చాలాసేపు ఆలోచించి అడిగింది: "ఎన్ని రోజులు రావాలె అన్నా?"

"వారానికి మూడు రోజులు. మధ్యల నీ సూది పని ఉంటే చూస్కో. నాకేం ఫికర్ లేదు."

అప్పటినుంచి వాకిట్లో తమాషా మొదలైంది. డిక్కీలోంచి కాటా తీసి నేల మీద పెట్టి, ఎర్రమ్మను నిలబెట్టి తూస్తాడు.

"నలభై తొమ్మిది! పోయినసారి దిగినప్పుడు నలభై అయిదే! రీడింగ్ ఖరాబ్ చేసినవ్ చెల్లె!"

"ఎండకు ఓర్వలేక రోజూ రెండు చెంబుల నీళ్లు తాగిన అన్నా."

"చెంబా? ఇగ గిలాసతోనే తాగు. అదీ చిన్న గిలాస!"

ఒకరోజు ఆమె ఆయన కోసం కొంగులో తునికి పండ్లు కట్టుకొచ్చింది. "పండ్లతోని తూగొద్దు!" అని లాక్కుని అక్కడే తినేశాడు.

"మరి నీ బరువు పెరగదా?"

"డ్రైవర్ లెక్కల రాడు!"

ఊరంతా నవ్వింది. కొందరు తిట్టారు కూడా, జబ్బు మనిషిని తూకం రాయి చేశాడని. నేను కూడా ఆ తిట్టేవాళ్లలోనే ఉన్నాను.

నెల తర్వాత పని మీద కొత్తగూడెం పోతే దవాఖానా ముందు ఎర్ర కారు కనపడింది. లోపలికి పోయాను. నర్సు లిఖిత నన్ను ఎర్రమ్మ చుట్టమనుకుంది.

"ఏం మంత్రమేసిన్రు సార్? మొదట్లో ఒంట్లో నాలుగైదు కిలోల నీళ్లతోని ఆయాసపడుకుంట వచ్చేది. నీళ్లు తగ్గించమని డాక్టర్ ఎంత చెప్పినా వినలే. ఇప్పుడు రెండు కిలోలు దాటుతలేదు!"

నేను బయటికొచ్చి కారు నీడలో కూర్చున్న కాకా ముందు నిలబడ్డాను.

"కాకా, బండి బరువెంత?"

"వెయ్యి కిలోలు."

"వెయ్యి కిలోల బండికి రెండు కిలోలు ఎక్కువైతే మైలేజ్ ఏం మారుద్ది?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "మెల్లగ మాట్లాడు బిడ్డా! సాయం చేస్తనంటే కారెక్కదు. పానం కోసం నీళ్లు తగ్గించుమంటే వినదు. ఒకరి పని చెడగొట్టుడు మాత్రం ఆమెతోని కాదు. ఇంకేం చెయ్యాలె?" అని, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

ఎర్రమ్మను మెట్లు దింపింది నేనే. ఎంత దాచుకుందామన్నా నా ముఖంలో ఏదో కనపడినట్టుంది.

"నీకిప్పుడు తెలిసిందా?" అంది.

ఆగిపోయాను. "నీకు తెలుసా?"

"రెండు కిలోలకు కారు వంగుతదా బిడ్డా? గంత తెల్వనిదాన్నా? ఆయనకు చెప్పకు. ఆయన గేర్ల ముచ్చట చెప్తుంటే ఊళ్లె నిలబడి వినేటోళ్లు ఒక్కరన్న ఉన్నరా? నేను గాక ఇంకెవరు వింటరు, పాపం!"

మెల్లగా సీట్లో కూర్చుని, ఊపిరి తీసుకుని, అద్దం కింద ఉన్న ఏదో మీట మీద వేలు పెట్టింది.

"అన్నా, గిదేంది? దీని సంగతి ఎన్నడూ చెప్పలే?"

కాకా ముఖం వెలిగిపోయింది. తాళం తిప్పబోయిన చేయి ఆపి, సీట్లో ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. నేను చాయ్ తాగి తిరిగొచ్చినా ఆ కారు అక్కడే ఉంది.