బుల్లమ్మ సీసాల్లో తాటిబెల్లం

భావనపాడులో చేపలమ్మే బుల్లమ్మతో నోరు పెట్టుకుని గెలిచినవాళ్లు లేరు. అలాంటి మనిషిని మొగుడు కూర్మయ్య తన చెల్లెలు జగ్గమ్మ ముందే మొద్దు అన్నాడు. ఊరుకుంటుందా మరి!

కూర్మయ్య బెంగుళూరులో, బీరు సొంతంగా తయారుచేసుకునే ఒక హోటల్లో ఆరేళ్లు పనిచేసి, 2016లో కాలు విరిగి ఇంటికొచ్చాడు. వస్తూ ఆ విద్యనూ, సీసాలకు మూతలు బిగించే మరనూ వెంట తెచ్చుకున్నాడు. ఇంట్లో తాగడానికి బార్లీతో బీరు పులియబెట్టాడు. దాన్ని సీసాల్లో పోసి మూత బిగించే ముందు కాస్త తీపి కలపాలి. అప్పుడే లోపల మళ్లీ పులిసి నురగ పుడుతుంది. ఆ తీపికి పంచదారే వేయాలని కూర్మయ్య, తాటిబెల్లమని బుల్లమ్మ.

"బెల్లమేస్తే బురదైపోతాది. నీకేటి తెల్సే, సదువులేని మొద్దు!"

"సగం సీసాలు నాకొగ్గీ మావా. ఎవులు మొద్దో సూద్దాం."

ఆరు సీసాలు ఆమె వంతుకొచ్చాయి. సీసాకు చెంచాడు బెల్లం పాకం పోసింది. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. ముప్పై ఏళ్లు చేపలమ్మిన చెయ్యి కదా, కొసరు వేయందే దానికి తోచదు. ప్రతి సీసాలో ఇంకో అరచెంచా పోసింది. అయిదోనాడు మిట్టమధ్యాహ్నం ఆరూ ఢాం ఢామ్మని పేలాయి. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

జగ్గమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. బుల్లమ్మకు తల కొట్టేసినట్టయింది, ఏడుపు కూడా వచ్చింది. గాజుముక్కలు ఊడుస్తుంటే మాత్రం ఒకటి తట్టింది. పేలిందంటే పొంగు పుట్టినట్టే కదా! తప్పు కొసరుది, బెల్లానిది కాదు.

"మళ్లీ పులియబెట్టు మావా. ఈసారీ బెల్లమే."

"సిగ్గునేదేటే నీకు?"

"నేదు. పులియబెట్టు."

ఈసారి సీసాకు ఒక్క చెంచా దాటనివ్వలేదు. కుడిచెయ్యి అలవాటుగా ముందుకు పోతుంటే ఎడమచేత్తో పట్టుకుని ఆపింది. రెండు వారాలయ్యాక జగ్గమ్మను పిలిచి కూర్చోబెట్టి మరీ మూత తీసింది. బుస్సుమని నురగ లేచింది. కూర్మయ్య గ్లాసు ఖాళీ చేసి మళ్లీ చాపాడు.

బుల్లమ్మ సీసా వెనక్కి లాక్కుంది.

"ముందు సెప్పు. మొద్దెవులు?"

కూర్మయ్య చెల్లెలి వంక చూశాడు, సీసా వంక చూశాడు.

"నేనేలే," అని గొణిగాడు.

"జగ్గమ్మకి ఇనపడనేదు. గట్టిగా సెప్పు."